ఎవరి బట్టలు వాళ్ళే

ఆ వానాకాలం మా లాండ్రీకి మనుషులు వచ్చారు. అంతకుముందు బట్టలు మాత్రమే వచ్చేవి.

ఈ మాట విడ్డూరంగా ఉంటుంది గానీ జరిగింది అదే. మామయ్య కౌంటర్ వెనక కూర్చునేవారు. ఎవరో ఒకరు సంచీ తెచ్చి బల్ల మీద పెట్టేవారు. మామయ్య తల పైకెత్తకుండా సంచీ విప్పి, బట్టలు విడదీసి, చీటీ చింపి చేతిలో పెట్టి, "మంగళవారం" అనేవారు. ఏ రోజు తెచ్చినా మంగళవారమే. ఆ తర్వాత సంచీ నా దగ్గరికి వచ్చేది. నేను కాలరు మడతలోనో, నడుము పట్టీ లోపలో చెరగని సిరాతో గుర్తు వేసేదాన్ని. ఉతికి ఆరేశాక అన్నీ చివరికి వెనక గదిలో అత్తయ్య దగ్గరికి చేరేవి. ఆవిడ ఇస్త్రీ చేసేది. ముందు గదికీ వెనక గదికీ మధ్య ముదురాకుపచ్చ తెర ఒకటి వేలాడుతుండేది. అత్తయ్య పొద్దున వెనక సందులోంచి ఆ గదిలోకి వచ్చి, సాయంత్రం అదే సందులోంచి ఇంటికి వెళ్ళిపోయేది. నేను ఈ ఇంటి కోడలిగా వచ్చాక ఆవిడ ఆ తెర దాటి ముందుకు రావడం చూడలేదు. రావద్దని ఎవరూ అనలేదు. ఇటువైపు ఆవిడకి పని లేదు, అంతే.

కాబట్టి మా ఇంట్లో కస్టమర్లకి పేర్లుండేవి కావు, బట్టలుండేవి. "చిల్లుల చొక్కా ఈ వారం రాలేదేం?" అని భోజనాల దగ్గర అడిగేది అత్తయ్య. ఆ మనిషి చొక్కాలన్నిటికీ కుడిచేతి కఫ్ మీద ఆవగింజంత చిల్లులుండేవి, అంచులు మాడి. సిగరెట్ కాలుస్తూ కునుకు తీసే అలవాటుందని ఆవిడ తీర్మానం. "ఇంట్లోవాళ్ళు ఎలా వేగుతున్నారో పాపం" అని జాలి కూడా. ఇంకొకావిడ నీలం ప్యాంట్లకి మోకాళ్ళ దగ్గర గుడ్డ పల్చబడి, ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుగు కనిపించేది. అవి మోకాళ్ళ ప్యాంట్లు. ఆవిడ ఏదో పెద్ద మేడలో నేల తుడుస్తుందని అత్తయ్య నమ్మకం. ఆ ప్యాంట్లు చేతికొస్తే ఇస్త్రీపెట్టె బరువు మోకాలి మీద పడకుండా మెల్లగా లాగేది.

"మనకెందుకే వాళ్ళ సంగతి?" అనేవారు మామయ్య.

"ఊరికే. తెలుసుకుంటే తప్పా?"

"తెలుసుకుని ఏం చేస్తావ్?"

అత్తయ్య మజ్జిగ గ్లాసు ఆయన వైపు జరిపేది.

వానలు మొదలయ్యే ముందు మా ఆయన మిషన్ల మాట ఇంట్లో పెట్టాడు. రెండు వీధుల అవతల కొత్త లాండ్రీ తెరిచారు. ఫోన్లో చెబితే ఇంటికే వచ్చి పట్టుకెళ్తారు. మా కౌంటర్ మీద సంచులు సగానికి సగం తగ్గిపోయాయి. వాళ్ళలాగా పదిమంది మనుషుల్ని పెట్టుకోవడం మన వల్ల కాదు కాబట్టి, అసలు మనుషుల అవసరమే లేకుండా చేద్దామన్నాడు. మిషన్లు కంపెనీవాళ్ళే తెచ్చి బిగిస్తారు, రాబడిలో వాటా తీసుకుంటారు. వచ్చినవాళ్ళు ఫోన్ చూపించి తలుపు తెరుచుకుని, వాళ్ళ బట్టలు వాళ్ళే వేసుకుని, ఉతుక్కుని, ఆరబెట్టుకుని పోతారు.

"మరి మనమేం చేస్తాం?" అన్నారు మామయ్య.

"ఏం చెయ్యక్కర్లేదు నాన్నా. జనాలకి వాళ్ళ పని వాళ్ళు చేసుకోవడమే ఇష్టం. మనం అడ్డం తప్పుకుంటే చాలు."

"అయితే ఇన్నాళ్ళూ అడ్డంగా ఉన్నానంటావ్."

"అబ్బా, నేనన్నది అది కాదు! మీరు హాయిగా కూర్చుని చూసుకోండి."

ఇస్త్రీ సంగతేమిటని నేనే అడిగాను. ముందు గదిలో ఒక మూల రెండు బల్లలు, రెండు ఇస్త్రీపెట్టెలు పెడతారట. కావలసినవాళ్ళు చేసుకుంటారట. "అమ్మకి కూడా ఇంక విశ్రాంతి" అన్నాడు మా ఆయన సంబరంగా. అత్తయ్య గిన్నెలు సర్దుతోంది. "సరే" అంది. ఆ సరేని ఎవరం పట్టించుకోలేదు. మామయ్యని ఒప్పించేసరికే మా ఓపికంతా అయిపోయింది.

కౌంటర్ బల్ల తీసేస్తుంటే మామయ్య బయట వరండాలో నిలబడి వీధి చూస్తూ ఉండిపోయారు. దాని కింద నేల మీద మిగతా గచ్చుకన్నా తెల్లటి చతురస్రం ఒకటి బయటపడింది. దాని మీదే మొదటి మిషన్ పెట్టారు. తర్వాత వరసగా మిగతావి, ఒక్కోదానికీ గుండ్రటి గాజు తలుపు. ఎదురుగా పొడవాటి బెంచీ, దాని పక్కన మడతలు పెట్టుకోవడానికి బల్ల. గోడ మీద మా ఆయన పెద్ద అక్షరాలతో రాయించాడు: "ఎవరి బట్టలు వాళ్ళే!" ఆ ఆశ్చర్యార్థకం ఎందుకని అడిగితే, ఉత్సాహానికి అన్నాడు.

నాకు గుర్తులు వేసే పని పోయి, ఏ బటన్ నొక్కాలో చెప్పే పని వచ్చింది.

నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదాగా ఉండేది. వాన పట్టుకుంటే వదలడం లేదు. ఇళ్ళల్లో తీగల మీద బట్టలు ఆరక, ముక్కిపోయిన వాసనేస్తూ, జనం సంచులు మోసుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఒకాయన బటన్ నొక్కాక అరచెయ్యి మిషన్ మీద ఆనించి, అది ఆగేదాకా అలాగే నిలబడేవాడు, జ్వరం చూస్తున్నట్టు. ఒకావిడ గోడ మీది సూచనలన్నీ గదిలో అందరికీ వినబడేలా పైకి చదివి, "ఆఁ, సరిగ్గానే ఉంది" అని తల ఊపాకగానీ తలుపు ముట్టుకునేది కాదు. కాలేజీ కుర్రాడొకడు సబ్బుపొడి డబ్బా మొత్తం వంపేస్తే నురగ గుమ్మం దాటి మెట్లు దిగింది. అందరం చీపుళ్ళూ బకెట్లూ పట్టుకుని దాన్ని వానలోకి తోలాం. ఆ గంటసేపూ ఒకరికొకరు తెలియని మనుషులు ఒక ఇంటివాళ్ళలా అరుచుకున్నారు.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది గాజు తలుపు. ఫోన్లో మొహం పెట్టుకుని వచ్చినవాళ్ళు కూడా కాసేపటికి ఫోన్ దించేసి, గుండ్రంగా తిరుగుతున్న తమ బట్టల వైపు చూస్తూ ఉండిపోయేవాళ్ళు. ఎవరి బట్టలంటే వాళ్ళకి అంత ఆసక్తి ఉంటుందని నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం సబ్బుపొడి పెట్టె కోసం వెనక గదిలోకి వెళ్తే, అత్తయ్య తెర సందులో కన్ను పెట్టి నిలబడి ఉంది.

"ఇదేంటత్తయ్యా! మీరు ఇంటి దగ్గరున్నారనుకున్నా."

"ష్! కాళ్ళు అలవాటుకొద్దీ వచ్చేశాయి. ఇలా రా. ఆ బెంచీ చివర కూర్చున్నావిడ చూడు."

"చూశా. ఏముంది?"

"ఒళ్ళో సంచీ చూడవే. నీలం ప్యాంటు!"

చూశాను. పొట్టిగా, బొద్దుగా ఉన్న మనిషి, జుట్టుకి పసుపు రంగు క్లిప్పు. సంచీలోంచి ప్యాంటు తీసి మోకాళ్ళ దగ్గర వేలితో గోకుతోంది.

"నేల తుడిచే మనిషిలా లేదే" అంది అత్తయ్య, తనకేదో అన్యాయం జరిగినట్టు. "ఆ వేళ్ళ నిండా రంగులేంటి? గోళ్ళ మీద కూడా ఎరుపు, ఆకుపచ్చ. ఇదేదో వేరే యవ్వారం. అడిగేస్తా."

"ఏమని అడుగుతారు?"

నా నోట్లో మాట నోట్లో ఉండగానే తెర కదిలింది. అత్తయ్య ముందు గదిలోకి నడిచి, మిషన్లనీ, మూల కుర్చీలో కూర్చున్న మామయ్యనీ కూడా చూడకుండా నేరుగా వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

"ఏమ్మా, తప్పుగా అనుకోకు. నీ ప్యాంట్లు మోకాళ్ళ దగ్గర ఎందుకలా అరిగిపోతాయి?"

ఆవిడ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"ఇన్నాళ్ళూ ఇస్త్రీ చేసింది నేనేగా."

ఆవిడ ఒక్క క్షణం అత్తయ్య మొహంలోకి చూసి, పగలబడి నవ్వి, బెంచీ దిగి అందరి ముందూ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. "ఇదిగో, ఇలా! పసిపిల్లల బడిలో పనిచేస్తానండీ. రోజంతా ఇంతే. ఒకళ్ళకి చెప్పు తొడగాలి, ఒకళ్ళకి ముక్కు తుడవాలి, ఒకళ్ళు బల్ల కింద దూరి రానంటారు. నిలబడి చెబితే వినరు. వాళ్ళంత ఎత్తు అయితేనే వింటారు. ఓసారి వచ్చి చూడండి, తమాషాగా ఉంటుంది."

అత్తయ్య తిరిగొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేల తుడవడం కాదే! ఇన్నేళ్ళూ అంతా తప్పుగానే అనుకున్నాను!" తను అనుకున్నది తప్పని తేలితే అంత మురిసిపోయిన మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

ఆ తర్వాత ఆవిడ తెర వెనక నిలబడలేదు. బెంచీ మీద కూర్చునేది. చిల్లుల చొక్కా వచ్చిన రోజు నాకు పని ఎక్కువగా ఉండి వాళ్ళ మాటలు సరిగ్గా వినలేదు. పాత మార్కెట్ వెనక వీధి అని ఏదో చెప్పడం మాత్రం చెవిన పడింది. మరో వారం గడిచేసరికి అత్తయ్య షాపుకి రావడమే మానేసింది. ఇంటి దగ్గర ఉంటోంది కాబోలు అనుకున్నాను.

ఈలోగా మామయ్యతో చిక్కొచ్చింది. కూర్చుని చూసుకోమన్నాడు కొడుకు, సరే. కానీ చేతులు ఊరుకోవద్దూ? డ్రయ్యర్ ఆగిపోయి, బట్టల తాలూకు మనిషి టీ తాగడానికి వెళ్ళి ఆలస్యం చేస్తే, వేడి మీద బట్టలు ముడతలు పడిపోతాయని మామయ్యకి ప్రాణం కొట్టుకునేది. అటూ ఇటూ చూసి, తలుపు తెరిచి, అన్నీ బల్ల మీద కుమ్మరించి మడతపెట్టేసేవారు. అంచు మీద అంచు, చొక్కా మీద చొక్కా, పైన రుమాళ్ళు. కొందరు వచ్చి చూసి సంబరపడేవారు. కొందరు మాట్లాడకుండా సంచీలో కుక్కుకుని పోయేవారు.

ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఫోన్ తీసి చదివాడు. "'మిషన్లు బాగున్నాయి. కానీ అక్కడొక పెద్దాయన అడక్కుండా మన లోదుస్తులు కూడా మడతపెట్టేస్తున్నాడు. ఇబ్బందిగా ఉంది.' ఒక్క స్టారు ఇచ్చారు నాన్నా."

నాకు నవ్వొచ్చింది. మామయ్య మొహం చూసి ఆపుకున్నాను.

"ముడతలు పడతాయిరా" అన్నారాయన.

"పడనివ్వండి. వాళ్ళ ముడతలు వాళ్ళిష్టం. స్టార్లు తగ్గిపోతే కంపెనీవాళ్ళు మిషన్లు ఊడబీక్కుని పట్టుకుపోతారు. ఒప్పందంలో ఉంది. అప్పుడు మనకి కౌంటరూ ఉండదు, మిషన్లూ ఉండవు."

అది రాసిందెవరో నాకు తెలియదు. నా బట్టలైతే నేనూ అదే రాసేదాన్ని. మామయ్య చేతులు చూస్తే మాత్రం ఆ మాట అనబుద్ధి కాలేదు. ఎవరి వైపు మాట్లాడాలో తోచక మామయ్యకి ఇంకాస్త మజ్జిగ పోశాను.

మర్నాడు ఆయన షాపుకి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రమ్మని మా ఆయన ఒకటికి రెండుసార్లు పిలిచాడు. "చూస్తూ కూర్చోవడానికేగా, ఇక్కడ కూడా గోడలున్నాయి" అన్నారు. ఇంట్లో బీరువా తెరిచి దుప్పట్లు, తువ్వాళ్ళు, పాత కర్టెన్లు అన్నీ మంచం మీద వేసి మడతపెట్టేవారు. అయ్యాక మళ్ళీ విప్పేవారు. మా ఆయన అది చూసి గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయేవాడు. తండ్రీకొడుకుల మధ్య ఉప్పు అందించమనే మాట తప్ప ఇంకో మాట లేకుండా పోయింది. వానేమో తెరిపివ్వదు.

ఒక మధ్యాహ్నం నేను భోజనానికి వచ్చేసరికి మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు, చేతిలో అత్తయ్య గొడుగు.

"మీ అత్తయ్య గొడుగు మర్చిపోయింది" అన్నారు.

"ఎక్కడికెళ్ళారు?"

"షాపుకి కాదూ?"

"షాపుకి రావట్లేదు మామయ్యా. చాలా రోజులైంది."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "రోజూ ఈ వేళకి తయారై వెళ్తుందే" అన్నారాయన మెల్లగా. గొడుగు వైపు చూసి, "తడిసిపోతుంది" అన్నారు. అప్పుడు చినుకు కూడా లేదు.

నాకు పాత మార్కెట్ సంగతి గుర్తొచ్చి చెప్పాను. చెప్పడమే ఆలస్యం, ఆయన మెట్లు దిగారు. నేను భోజనం మాట మర్చిపోయి వెనకే పరిగెత్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆయన రోడ్డు వైపు అదేపనిగా చూశారు. "ఇక్కడ వంతెన ఎప్పుడు కట్టారు?" అని ఒకసారి, "ఈ బస్సు ఇటు కూడా వస్తుందా?" అని ఒకసారి అడిగారు. ఇన్నేళ్ళుగా ఊరంతా ఆయన బల్ల మీదికే వచ్చేది. ఆయన ఊళ్ళోకి వెళ్ళే అవసరం పడలేదని నాకప్పుడు తట్టింది.

పాత మార్కెట్ వెనక అన్నీ చిన్న చిన్న కార్ఖానాలు. ఒకచోట ఇనుము కోస్తున్నారు, ఒకచోట కుర్చీలకి అల్లిక వేస్తున్నారు. మేం వీధి మొదట్లో ఉండగానే వాన నిజంగానే దిగింది. అత్తయ్య వీధి మధ్యలో ఒక చూరు కింద కనిపించింది. కిటికీ అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరగా, రెండు చేతులూ కళ్ళకి అటూ ఇటూ అడ్డం పెట్టుకుని లోపలికి చూస్తోంది. ఒక భుజం పూర్తిగా తడిసిపోయింది. మామయ్య వెళ్ళి గొడుగు ఆవిడ మీద పట్టారు. ఆవిడ తల తిప్పలేదు.

మేమూ చూశాం. లోపల చిల్లుల చొక్కాయన ఒక నీలం మంట ముందు కూర్చుని పొడవాటి గాజు గొట్టాన్ని రెండు చేతులతో తిప్పుతున్నాడు. తిప్పగా తిప్పగా మధ్యలో గాజు ఎర్రబడి, తేనెలా బరువుగా కదిలింది. దాన్ని మంటలోంచి తీసి ఒక కొస నోట్లో పెట్టుకుని మెల్లగా ఊదాడు. గొట్టం మధ్యలో బుడగ లేచింది. ఇంకో గాజు ముక్క మంట దగ్గరికి తెచ్చేసరికి చిటుక్కుమని పగిలి ఒక రవ్వ ఎగిరి ఆయన కుడి కఫ్ మీద పడింది. ఆయన అటు చూడను కూడా చూడలేదు.

"చూశారా!" అంది అత్తయ్య, మేం మొదట్నుంచీ పక్కనే ఉన్నట్టు. "సిగరెట్లు కాదు!"

మామయ్య గొడుగు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, ఆవిడ వైపు చూశారు. చాలాసేపు చూశారు. మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

లోపలాయన తలెత్తి మమ్మల్ని చూసి మంట తగ్గించి బయటికి వచ్చాడు. "అమ్మగారు వస్తారని తెలుసు గానీ... అరె, మంగళవారం గారు కూడా వచ్చారే!"

మామయ్య తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

"మిమ్మల్నేనండీ. మా ఇంట్లో మీ పేరు అదే. 'మంగళవారం గారి దగ్గర చొక్కాలిచ్చి వస్తా' అంటాం. మీరు ఇంకో మాట మాట్లాడితే కదా."

మామయ్య గొంతు సవరించుకున్నారు. "మీ పేరూ మాకు తెలియదు. మేం మిమ్మల్ని..." అని ఆగిపోయారు.

"చిల్లుల చొక్కా అంటాం" అంది అత్తయ్య.

ఆయన కఫ్ ఎత్తి చూసుకుని, వీధి చివరిదాకా వినబడేలా నవ్వాడు. లోపలికి పిలిచి బల్లలు జరిపి కూర్చోబెట్టాడు. ఆసుపత్రుల ల్యాబులకీ, కాలేజీలకీ కావలసిన గాజు సామాను చేస్తాడట. మామయ్య ముందుకు వంగి, "తిప్పడం ఆపితే ఏమవుతుంది?" అన్నారు. "ఒక పక్కకి జారిపోతుందండీ." "ఎంత ఎర్రబడితే ఊదాలో ఎలా తెలుస్తుంది?" "చేతికి తెలుస్తుంది." "వేళ్ళు కాలవా?" "మొదట్లో కాలాయి." ఆయన అడుగుతూనే ఉన్నారు. ఒక కస్టమర్‌ని మామయ్య ప్రశ్న అడగడం నేను అదే మొదటిసారి వినడం. వాన తగ్గేదాకా అక్కడే ఉండి, వస్తూ గొడుగు అక్కడే మర్చిపోయాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామయ్య ఉన్నట్టుండి కొడుకుతో అన్నారు: "ఒరేయ్, ఆ చిల్లుల చొక్కా గాజు ఊదుతాడురా."

మా ఆయనకి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తండ్రి తనతో మాట్లాడినందుకా, ఆ మాటకా తెలియదు. "అవునా?" అన్నాడు. మామయ్య మంట దగ్గర్నుంచి బుడగ దాకా మొత్తం చెప్పారు. చేతులతో తిప్పి చూపించారు కూడా.

అందరం కాస్త తేలికపడ్డాం. ఆ ధైర్యంతోనే కాబోలు, మా ఆయన తన మనసులో మాట బయటపెట్టాడు. మూల పెట్టిన ఇస్త్రీ బల్లల దగ్గర వ్యవహారం బాగా లేదు. ఒకడు కాలరు కాల్చుకున్నాడు, ఒకావిడ చెయ్యి కాల్చుకుంది. మిషన్లో వేయడం బాగానే ఉంది గానీ ఇస్త్రీ మాత్రం ఎవరైనా చేసిపెడితే బాగుండునని అందరూ అడుగుతున్నారు.

"వెనక గది ఖాళీగానే ఉందమ్మా. రేపట్నుంచి మళ్ళీ మొదలెడదామా?"

"వాళ్ళనే చేసుకోమను" అంది అత్తయ్య.

"వాళ్ళకి రావట్లేదు."

"నేర్చుకుంటారు. వాళ్ళ పని వాళ్ళు చేసుకోవడమే ఇష్టమన్నావుగా."

మా ఆయన నా వైపు చూశాడు. నేను నీళ్ళు తాగాను.

"అది కాదమ్మా. ఊరికే ఇంట్లో కూర్చుని నువ్వు మాత్రం ఏం చేస్తావ్?"

"ఇంట్లో ఎవరు కూర్చుంటున్నారు?"

ఆవిడ గొంతు పెంచలేదు. పళ్ళెం తీసుకుని లేచింది. కుర్చీ వీపు మీద మా ఆయన చొక్కా ఒకటి ఉంది, కంపెనీవాళ్ళతో మాట్లాడటానికి మర్నాడు వేసుకుని వెళ్ళాల్సింది. పెళ్ళికి ముందైనా తర్వాతైనా అలాంటి చొక్కాలు అలా కుర్చీ మీద వేస్తే తెల్లారేసరికి ఇస్త్రీ అయి ఉండేవి. అత్తయ్య దాన్ని తీసి, చేతులు రెండూ సరిచేసి, కొడుకు ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున మా ఆయన ఇస్త్రీపెట్టెతో కుస్తీ పట్టాడు. నేను చూస్తూ కూర్చున్నాను, చేసిపెట్టలేదు. చొక్కా చేతి మీద రెండు మడత గీతలు రైలు పట్టాల్లా పడ్డాయి. అలాగే వేసుకుని వెళ్ళాడు. సాయంత్రం వచ్చి తల్లి దగ్గర కూర్చుని, "రెండు గీతలు పడకుండా ఎలా చేస్తారమ్మా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్న అది కాదని అతనికీ తెలుసు. ఆవిడకీ తెలుసు. అయినా ఆవిడ ఓపిగ్గా చెప్పింది, కుట్టు దగ్గర్నుంచి ఎలా మొదలుపెట్టాలో. చెప్పాక, "మనిషిని పెట్టుకో. ముందు గదిలో, కిటికీ పక్కన పెట్టు. వెనక మాత్రం ఎవర్నీ పెట్టకు" అంది.

అలాగే చేశాం. ఇస్త్రీకి వచ్చినావిడ వీధిలో పోయేవాళ్ళందరితో మాట్లాడుతూ పని చేస్తుంది, అందుకే కాస్త ఆలస్యమవుతుంది. మామయ్య మళ్ళీ షాపుకి రావడం మొదలుపెట్టారు. ఈసారి మూల కుర్చీలో కాదు, బెంచీ మీద. ఎవరైనా వచ్చి బట్టలు వేసి కూర్చోగానే, "మీరేం చేస్తుంటారు?" అని అడుగుతారు. డ్రయ్యర్ ఆగితే, "మడతపెట్టమంటారా?" అని అడిగి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని జవాబు కోసం ఎదురుచూస్తారు. వద్దంటే మొదట్లో మొహం చిన్నబోయేది. తర్వాత తర్వాత, "సరే, అయితే మీ ఉద్యోగం సంగతి చెప్పండి" అనడం అలవాటు చేసుకున్నారు. స్టార్లు ఒక నెల పెరిగాయి, ఒక నెల తగ్గాయి. మిషన్లయితే ఎవరూ పట్టుకుపోలేదు. గుమ్మం పక్కదొకటి ఎప్పుడూ పాడై ఉంటుంది.

వానలు పల్చబడ్డాక ఒకరోజు అత్తయ్య మా అందరికీ చెప్పింది. పసిపిల్లల బడిలో మధ్యాహ్నాలు ఒక మనిషి కావాలట. పసుపు క్లిప్పావిడ అడిగిందట. "సోమవారం నుంచి వెళ్తున్నా" అంది. వెళ్ళనా అని అనలేదు. మామయ్య, "ఏ బస్సు?" అన్నారు. నంబరు చెప్పింది. సోమవారం ఆయన బస్టాపు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చారు. అది ఏ దారిలో వెళ్తుందో తెలుసుకుందామని మరుసటి స్టాపు దాకా తనూ ఎక్కారని తర్వాత తెలిసింది.

ఆ సాయంత్రం ఆవిడ తిరిగొచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. జుట్టులో రంగు కాగితం ముక్క ఇరుక్కుని ఉంది. మెట్ల మీదే కూలబడి కాళ్ళు చాపుకుంది. నేను మంచినీళ్ళు తెచ్చి పక్కన కూర్చున్నాను.

"ఎలా ఉందత్తయ్యా?"

"నడుం విరిగిపోయింది" అంది, ఆ మాటకి బొత్తిగా అతకని మొహంతో. నీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుతూ కూర్చుంది. "ఒక పిల్ల ఉందే, ఇంత ఉంటుంది. నన్ను కిందనుంచి పైదాకా చూసి, 'నువ్వు ఇన్ని రోజులూ ఎక్కడున్నావ్?' అంది."

"మీరేమన్నారు?"

"లోపలున్నానన్నాను."

"మరి?"

"'వాన పడుతోందనా?' అని అడిగింది." అత్తయ్య గ్లాసు కింద పెట్టింది. "అవునన్నాను."